పాత సానరాయిని గుర్తుపట్టడం ఎలా?



క్షౌరశాలల్లోకి మార్చి పారేసే బ్లేడు వచ్చాక మడత కత్తులూ, వాటిని నూరిన సానరాళ్లూ అటకెక్కాయి. చెత్తలో వేసే ముందు ఒక్కసారి పరీక్షగా చూడండి.

రంగును బట్టి నిర్ణయించవద్దు. ఫైలు అట్ట చూసి లోపలి సంగతి చెప్పలేం కదా! మన మార్కాపురం పలకరాయీ నలుపు ఛాయే, కడప రాయీ నలుపే. కడప రాయి సున్నపురాయి. మూలన గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే నురుగు వస్తుంది. పలకరాయికి సాధారణంగా రాదు. అంచున సన్నని పొరలు కనిపిస్తాయి. కంపెనీ రాయి అయితే ఒక్కో ముఖం మీద గరుకు సాధారణంగా అంతటా ఒకేలా ఉంటుంది.

బంకమట్టి పేరుకొని, ఒత్తిడికి గట్టిపడినదే పలకరాయి. జర్మనీలో తురింజియా పలకరాయి క్షౌరపు కత్తులకే పేరుపొందింది. మనది బడిపిల్లల పలకలకు. కనుక ప్రతి పలకరాయీ సానకు పనికొస్తుందనుకోరాదు. ముందు పాత చాకు నూరి చూడండి. గట్టి నలుసు తగిలిందా, కత్తి అంచు పోయినట్టే. నూనె వద్దు, నీళ్లు చాలు. పొడిగా నూరితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఆ రాయి ఎక్కడిదో, ఎలా నూరేవారో వాడిన పెద్దలు ఉండగానే అడిగి, చీటీ రాసి దానితో ఉంచండి. రాతకోతలు మనకు కొత్తకాదు కదా!