వియన్నాలో ఆరు గంటలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



విమానం నడిపేవాళ్ళం కాబట్టి విమానం గురించే చెబుతామని మీరనుకుని వుంటారు. కార్యదర్శిగారు వేరే సంగతి అడిగారు. "దిగిన ఊళ్ళో మీరేం చేస్తారో చెప్పండి, మన పిల్లలకు దాని మీదే మోజు" అన్నారు. పెళ్ళిళ్ళలో కలిసే పెద్దలు కూడా "ఏం బేటా, దునియా అంతా ఉచితంగా చూసేశారు గదా" అని భుజం తడతారు. అవునని అనలేము, కాదని అనలేము. అందుచేత ఒక్క ఊరు తీసుకుని, అక్కడ మా గంటలు ఎట్లా ఖర్చవుతాయో లెక్క చెబుతాము. ఆ ఊరు ఆస్ట్రియా రాజధాని వియన్నా.

ఢిల్లీ నుంచి వియన్నాకు సుమారు ఎనిమిది గంటల ప్రయాణం. చలికాలంలో వాళ్ళ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మధ్యాహ్నం ఇక్కడ బయల్దేరితే అక్కడ దిగేసరికి ఇంకా సాయంత్రమే. హోటలు చేరి ఎనిమిదింటికి మంచమెక్కుతామా, ఒంటికి మాత్రం అది అర్ధరాత్రి దాటిన వేళ. తిరిగి తెల్లవారుజామున మూడింటికే కళ్ళు తెరుచుకుంటాయి. ఎందుకంటారా? హైదరాబాదులో అప్పటికి ఏడున్నర! గడియారం ముల్లు తిప్పినంత సులువుగా ఒంటి గడియారం తిరగదు. దానికి గంట తేడా సర్దుకోవడానికి ఇంచుమించు ఒక రోజు కావాలి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో వున్నది. మర్నాడు రాత్రి పదింటికి విమానం లేస్తుందనుకోండి, అది మన రాత్రి రెండున్నర. రాత్రి రెండు మొదలు ఆరు దాకా మనిషి మెదడు బాగా మందగించే వేళ అని నిద్ర శాస్త్రజ్ఞులు చెబుతారు. సరిగ్గా ఆ వేళకే రెండువందల పైచిలుకు ప్రాణాలు మా వెనుక కూర్చుని వుంటాయి. కనుక ఆ మధ్యాహ్నం తెరలు వేసుకుని పడుకోవడం మాకు సోమరితనం కాదు, డ్యూటీయే. నిద్రలు, భోజనం, తయారీ అన్నీ తీసివేయగా ఇరవై ఎనిమిది గంటల్లో మాకు మిగిలేది ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా. ఆరు గంటలు!

ఆ ఊరి హద్దుల్లోనే ద్రాక్షతోటలున్నాయి, ద్రాక్షసారా ప్రసిద్ధమే. దాని రుచి మమ్మల్ని అడగకండి. మన దేశపు నిబంధన ప్రకారం డ్యూటీకి ముందు పన్నెండు గంటలపాటు చుక్క ముట్టరాదు. మన ఇళ్ళలో ఆ నిబంధన ఇంకా పొడుగైనది కదా.

పైనుంచి వియన్నా మాకు బాగా తెలుసు. డాన్యూబ్ నది, దాని పక్కనే గీత గీసినట్టు ఇరవై ఒక్క కిలోమీటర్ల పొడవైన సన్నని దీవి, 1897లో కట్టిన పెద్ద జెయింట్ వీల్, అన్నీ గుర్తుపడతాము. నేల మీద కాలు పెడితే మాత్రం ఎడమేదో కుడి ఏదో తెలియదు. డాన్యూబ్ ఊరి నడుమ పారుతుందని కొత్తవాళ్ళు వెతుకుతారు. పాత ఊరిని ఆనుకుని వున్నది దాని కాలువ మాత్రమే, అసలు నది అవతలెక్కడో పోతుంది.

అయితే దారి తప్పినవాడికి ఆ ఊరు తానే దారి చెబుతుంది. మొత్తం ఇరవై మూడు వార్డులు. వీధి పేరుకు ముందు పలక మీద వార్డు నెంబరు వుంటుంది. పిన్‌కోడు నాలుగంకెల్లో నడిమి రెండూ కూడా వార్డు నెంబరే. 1070 అంటే ఏడో వార్డు, 1100 అంటే పదోది. నడిబొడ్డు నుంచి బయటికి పోయే వీధుల్లో ఇళ్ళ నెంబర్లు లోపలి కొస నుంచి మొదలవుతాయి. నెంబర్లు తగ్గుతున్నాయంటే ఊరి మధ్యకు పోతున్నట్టు లెక్క. దిక్సూచి చూసి బతికే మాకు ఇంతకంటే ఏం కావాలి? పాతకాలపు కోటగోడ పడగొట్టమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ జాగాలో వేసిందే రింగు రోడ్డు. పాత ఊరి చుట్టూ తిరిగి కాలువ గట్టున కలుస్తుంది. ఒకటో నెంబరు ట్రామెక్కి కూర్చుంటే ఊరంతా ప్రదక్షిణం చేయిస్తుందని మా సీనియర్లు చెప్పేవారు. 2008 నుంచి ఆ ముచ్చట లేదు, మధ్యలో దిగి బండి మారవలసిందే.

ఆరింటికి చలికాలంలో ఇంకా చీకటే. మ్యూజియాలు అప్పటికి తెరవరు. ఆ వేళకు లేచి వుండేది రొట్టెల దుకాణాలు, నారింజ దుస్తుల పారిశుద్ధ్య కార్మికులు, మార్కెట్టు. అందుకే మేము నాష్‌మార్క్ట్ అనే సంతకు పోతాము. ఆలివ్ కాయలు, ఎండు అంజూరాలు, మసాలాలు, జున్నుగడ్డలు. దుకాణాలవాళ్ళలో టర్కీ, బాల్కన్ ప్రాంతాలవారు చాలామంది. 1964లో ఆస్ట్రియా, టర్కీల మధ్య కూలీల ఒప్పందం కుదిరింది. కొన్నేళ్ళ పనికని వెళ్ళినవాళ్ళలో అనేకులు అక్కడే నిలిచిపోయారు. గల్ఫుకు పోయిన మనవాళ్ళకు అట్లా నిలిచే వీలు లేకపోయిందని మాకు అక్కడ ప్రతిసారీ తోస్తుంది.

ఆ సంత కింద ఒక నది వున్నదంటే నమ్ముతారా? పేరు వీన్. దాని మీద కప్పు వేసి సంత పెట్టారు. కొంచెం అవతల ఉద్యానవనం దగ్గర నది బయటపడుతుంది. చూస్తే చీలమండలు తడిసేటన్ని నీళ్ళు, రెండు పక్కలా మాత్రం ఎత్తయిన రాతిగోడలు. ఇంత చిన్న పాయకు అంత పెద్ద గోడలెందుకని మాతో వచ్చిన కుర్ర కో-పైలట్ నవ్వాడు. మూసీ ఒడ్డున పెరిగినవాళ్ళం, మాకు నవ్వు రాలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఏం చేసిందో మన ఇళ్ళలో తాతలు నానీలు కథలుగా చెప్పారు. ఆ తర్వాతే గదా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వియన్నావారు కూడా 19వ శతాబ్ది చివర ఊరికి పైన వరద ఆపే మడుగులు కట్టి, కింద ఈ గోడలు లేపారు. నూరేళ్ళకు పైగా అవి చాలావరకు ఖాళీగా వున్నట్టే కనిపించాయి. 2024 సెప్టెంబరులో ఆ చీలమండల నది గోడల పైదాకా పొంగింది. పక్కనే నడిచే మెట్రో రైలును కొంత మేర ఆపవలసి వచ్చింది. అయినా ఊరి నడిబొడ్డు మునగలేదు. మూసీ గర్భంలో ఇళ్ళు లేచిన మన సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

తాగే నీళ్ళ మాట కూడా చెప్పాలి. గండిపేట నీళ్ళ రుచిని పొగిడే ఊరు మనది. వియన్నా కుళాయిలో వచ్చేది కొండల ఊట నీరు. 1873 నుంచి మొదటి కాలువ, 1910 నుంచి రెండోది, పంపుల అవసరం లేకుండా పల్లానికి దొర్లుతూ ఊరు చేరుతుంది. కాఫీ హోటల్లో కప్పు పక్కన గ్లాసుతో పెట్టేది ఆ నీళ్ళే. ఒక్క కాఫీ చెప్పి పూట గడిపినా లేవమనేవారు లేరు. మన ఇరానీ హోటళ్ళు గుర్తొస్తాయి. 1683 ముట్టడిలో తుర్కులు వదిలిపోయిన గింజల మూటలతో అక్కడ కాఫీ పుట్టిందని కథ వుంది, బాగానే వుంటుంది. కాని మొదటి కాఫీ లైసెన్సు 1685లో యోహానెస్ దియోదాతో అనే ఆర్మీనియనుకు దక్కిందని చరిత్రకారులు తేల్చారు. అదే ముట్టడిలో చిక్కిన ఫిరంగులను కరిగించి 1711లో పెద్ద చర్చికి గంట పోశారు. 1945 అగ్నిప్రమాదంలో అది పడి ముక్కలైతే, ఆ లోహంతోనే 1951లో మళ్ళీ పోశారు. చర్చి గోపురం 136 మీటర్లు, మెట్లు 343. పైనుంచి చూస్తే మనకు తెలిసిన వియన్నా మళ్ళీ కనబడుతుంది!

ఒకసారి ఆ కుర్రవాడే రైలు పట్టిక తెచ్చాడు. "బ్రాటిస్లావా గంట దూరమే సార్, ఇంకో దేశం చూసి వచ్చామని చెప్పుకోవచ్చు" అన్నాడు. మనసు లాగింది. పదకొండింటికి తిరిగి రావచ్చు కూడా. కాని పట్టాల మీద మంచు పడి ఆ రైలు రెండు గంటలు నిలిచిందా, మాకు పోయేది నిద్ర. నిద్ర లేక కూర్చుంటే ఏమవుతుందో ముందే చెప్పాము. పోనీ మేము ఎక్కమన్నామంటే? ఢిల్లీలో కూతురి కాన్పుకు, తండ్రి ఆపరేషనుకు పోయేవాళ్ళు విమానాశ్రయంలో బెంచీల మీద వుంటారు. కుర్రవాడు ముఖం ముడుచుకున్నాడు గాని రాలేదన్న కోపం సాయంత్రానికి పోయింది.

పిల్లల్లారా, తిరగడం కోసమే పైలట్ కావాలని వుంటే ఈ లెక్క అమ్మానాన్నలతో కలిసి వేసుకోండి. లైసెన్సుకు రెండువందల గంటలు ఎగరాలి. దానికి జాగాలు అమ్మిన కుటుంబాలను మేమెరుగుదుము. ఎగరడమంటే ఇష్టముంటే ఆ ఖర్చుకు అర్థమున్నది.

వియన్నా ఆపెరా భవనం 1869 నాటిది. దాని ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాము, లోపల పాట మాత్రం వినలేదు. ఆట రాత్రి ఏడింటికి మొదలవుతుంది, ఆ వేళకు మేము యూనిఫాం వేసుకుని కిందికి బండి కోసం దిగుతుంటాము.