గల్లాపెట్టె దగ్గరి నమ్మకాలు: ఇలోకానో వ్యాపారుల సంగతి



ఆహ్వానపత్రికలో పది గంటలకని వేసిన ప్రారంభసభ పది నలభైకి మొదలైంది. ముఖ్య అతిథి కోసం ఆగామా, వర్జ్యం పోయేదాకా ఆగామా అని నిర్వాహకులను నేను అడగలేదు. వ్యాపారుల నమ్మకాల మీద సదస్సు పెట్టుకున్నవాళ్ళం, అడక్కపోవడమే మర్యాద. అధ్యక్షుడన్నవాడు విషయమంతటినీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చుట్టిరావాలని మన సభల్లో ఒక ఆనవాయితీ. నేను మాత్రం ఒక్క ప్రాంతం దగ్గరే ఆగుతాను. ఫిలిప్పీన్స్‌లో లుజాన్ దీవికి వాయవ్య తీరాన ఉన్న ఇలోకోస్ అది. మన పిల్లలు ఎంతోమంది వైద్యవిద్యకు వెళ్తున్న దేశమే అయినా, ఈ మూల గురించి మనలో చాలామందికి తెలియదు.

ఒకవైపు కార్డిల్లెరా కొండలు, మరోవైపు దక్షిణ చైనా సముద్రం, నడుమ సన్నటి నేల. ఆ నేల చాలక జనం వలసపోయారు. 1906లో హవాయి చెరకుతోటల్లో పనికి ఓడెక్కిన మొదటి పదిహేనుమంది ఫిలిపినోలు ఇక్కడివాళ్ళే. ఇలోకానో చేతిలోంచి పైసా రాలదని మిగతా ఫిలిపినోలు జోకులు వేస్తారు. అంత గట్టి మనిషి దుకాణం తెరిచేముందు, కంటికి కనబడనివాళ్ళ కోసం ఒక పళ్ళెంలో అన్నం, బియ్యప్పిండి వంటకాలు, చెరకు మద్యం, పొగాకు, తమలపాకు పెట్టి ఎందుకు దణ్ణం పెడతాడు? ఆ నివేదనను వాళ్ళు ‘అతాంగ్’ అంటారు. నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ఈ ప్రశ్నకు సంబంధించిన సామగ్రి మొదట పోగుచేసినవాడు కూడా ఇలోకానోనే. ఇసబెలో దె లోస్ రేయెస్ 1864లో విగాన్‌లో పుట్టాడు, కవయిత్రి లియోనా ఫ్లోరెంతినో కొడుకు. పాతికేళ్ళ వయసులో, 1889లో, ‘ఎల్ ఫోక్‌లోర్ ఫిలిపినో’ అచ్చువేశాడు. చెట్టు నరికేముందు అందులో ఉండే మాంగ్‌మాంగ్‌కిక్ అనే ఆత్మల దగ్గర అనుమతి అడగడం వంటివెన్నో అందులో ఎక్కించాడు. ఆయన తెలివి వేరేచోట ఉంది. మీ మూఢనమ్మకాలు మీవే అని స్పానిష్ దొరలు ఎగతాళి చేస్తుంటే, ఇలోకానో నమ్మకాలను గలీసియా, అస్తూరియాస్ వంటి స్పెయిన్ ప్రాంతాల నమ్మకాల పక్కన పెట్టి చూపించాడు. వీటిలో కొన్ని మీ ఓడల్లోనే దిగాయి సుమా అన్నట్టు. అదే ఏడాది ‘ఎల్ ఇలోకానో’ అనే పత్రిక కూడా పెట్టాడు. అంటే ఈ నమ్మకాలు రాసిపెట్టిన మనిషికి చందాలు, కాగితం ఖర్చు, రాని బాకీలు అనుభవంలోనివే. మన విశ్వవిద్యాలయాల జానపద పరిశోధకుల్లో ఎందరికి ఆ అనుభవం ఉంది?

ఇక బజారులోకి వెళదాం. పొద్దున వచ్చే మొదటి బేరాన్ని వాళ్ళు ‘బ్వెనా మానో’ అంటారు. మన బోణీయే. కూరలమ్మే ఆవిడ మొదటి నోటు అందుకోగానే దాన్ని వంకాయల మీద, కాకరకాయల మీద, బెండకాయల మీద టపటపా తాటిస్తుంది. ఈ డబ్బు మిగతా సరుకును కూడా వెంటబెట్టుకు పోవాలని. మొదటి గిరాకీని ఉత్తచేతులతో పోనివ్వదు, రెండు పెసోలు తగ్గించైనా అమ్ముతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ‘బ్వెనా మానో కదా’ అని గుర్తుచేసి మరీ తగ్గించుకుంటారు. అరువు మాత్రం ఆ బేరానికి లేదు.

ఈ అరువు దగ్గరే అసలు కిటుకు ఉంది. పల్లెలో చిల్లరకొట్టు, వాళ్ళ మాటలో సారి-సారి, చాలాసార్లు ఇంటి ముందుగదే. గిరాకీలంతా చుట్టుపక్కలవాళ్ళు, చుట్టాలు. అప్పుల పద్దు ఒక స్కూలు నోటుపుస్తకంలో ఉంటుంది. పెత్తల్లి కూతురు పొద్దున్నే వచ్చి సార్డీను డబ్బా, కాస్త వంటనూనె ఖాతాలో రాసుకోమంటే లేదని ఎలా అంటారు? ‘ఇంకా బ్వెనా మానో కాలేదు, మానంగ్’ అంటే చాలు. మానంగ్ అంటే అక్క. అక్క నొచ్చుకోదు, ఎందుకంటే ఆమెకూ ఆ నమ్మకం ఉంది. చీకటి పడ్డాక డబ్బు గడప దాటకూడదన్న పట్టింపు సాయంత్రం పూట ఇదే పని చేస్తుంది. పొద్దునొకటి, రాత్రొకటి, రెండు కాపలాలు. నింద ఆచారం మీదికి పోతుంది, చుట్టరికం చెక్కుచెదరదు. మన ఊళ్ళల్లో దుకాణాల మీద ‘అప్పు రేపు’ అనీ, ఇళ్ళ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ రాసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తే. దయ్యానికీ బాకీదారుకూ ఒకే జవాబు చెప్పిన జాతి మనది, కాబట్టి ఇలోకానోను చూసి నవ్వే అర్హత మనకు లేదు.

పొదుపరి ఏ నమ్మకాన్ని ఉంచుకున్నాడో గమనించండి. అతాంగ్‌కు అయ్యేది ఒక పళ్ళెం అన్నం. కొత్త కట్టడం పునాదిలో వేసేవి కొన్ని నాణేలు. ‘పదుగో’ అని పునాది మీద చిందించే రక్తం ఒక కోడిది, ఆ కోడి ఆ తర్వాత పనివాళ్ళ కూరలోకే పోతుంది. మెట్లు కట్టేటప్పుడు ఓరో, ప్లాతా, మాతా – బంగారం, వెండి, చావు – అని లెక్కపెట్టి, చివరి మెట్టు చావు మీద పడకుండా చూసుకోవడానికి మహా అయితే ఒక మెట్టు ఖర్చు. ఇలాంటివి దేశమంతటా ఉన్నవే, ఇలోకోస్‌కే ప్రత్యేకం అనలేం. రేటు మాత్రం ఇలోకానోకు సరిపోయింది.

అయితే ఇదంతా లాభనష్టాల లెక్కేనని తేల్చేస్తే అది మన చదువరుల పొగరు. అతాంగ్ పెట్టే ఆవిడ ఆ క్షణంలో ఏ లెక్కా వేయడం లేదు. పోయిన తండ్రికి ఇష్టమైన చుట్ట పళ్ళెంలో పెడుతోంది, అంతే.

ఇంకొక ఆచారం చెప్పకుండా ఉండలేను. చావింటికి వెళ్ళినవాళ్ళు తిన్నగా ఇల్లు చేరకూడదు, పోయినవారి ఆత్మ వెంట వస్తుందట. దారిలో ఎక్కడైనా ఆగి దులిపేసుకోవాలి. ‘పగ్‌పగ్’ అంటారు. ఎక్కువగా ఆగేది ఏ తిండి కొట్టు దగ్గరో, చిల్లరకొట్టు దగ్గరో. కాఫీ తాగి ఆత్మను అక్కడే దింపి వెళ్తారు. దింపించుకున్న కొట్టు యజమాని గురించి ఎవరూ బెంగపడినట్టు లేదు, ఆయన కాఫీ డబ్బులు తీసుకుంటాడు.

నమ్మకం సరుకైన చోటు కూడా ఉంది. ఇలోకోస్ నేతబట్ట ఇనాబెల్‌లో ‘బినాకోల్’ అనే అల్లిక చూడండి. నలుపు తెలుపు దారాల గళ్ళు నడుమకు పోయేకొద్దీ చిన్నవై, ఉబ్బినట్టు, తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. కాసేపు చూస్తే కళ్ళు తిరుగుతాయి. దుష్టశక్తులకూ అలాగే తిరుగుతాయని, సుడిగాలి నుంచి కాపాడుతుందని నమ్మకం. పినిలి ఊరి నేతగత్తె మాగ్దలేనా గమయోకు 2012లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం సంప్రదాయ జానపద కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం ఇచ్చింది. ఇప్పుడా బట్టే విగాన్‌లోని కయ్యే క్రిసోలోగో వీధిలో యాత్రికులకు బల్లగుడ్డలుగా, సంచులుగా అమ్ముడుపోతోంది. అదే ఊళ్ళో ఒకప్పుడు చీనా వ్యాపారుల సంతతి స్థిరపడిన పేటలున్నాయి. గల్లాపెట్టె పక్కన చెయ్యూపే పిల్లిబొమ్మ, కొత్త సంవత్సరానికి గుండ్రటి పళ్ళు చూసి ఇవి చీనావా, జపానువా, స్థానికమా అని తగవుపడేవాళ్ళకు ఇసబెలో పుస్తకం చదవమని నా సలహా.

ఇంతదాకా మెచ్చుకున్నాను గనుక కటువుగా ఒక మాట. మొదటి గిరాకీ ధర అడిగి కొనకుండా వెళ్ళిపోతే అమ్మేవాళ్ళ ముఖం మాడుతుంది. అలా వెళ్ళేది ఎక్కువగా చేతిలో చిల్లర చాలనివాళ్ళే. మన దగ్గర పొద్దున్నే భర్త పోయిన ఆడమనిషి గుమ్మంలో కనబడితే షావుకారు ముఖం ఎలా మారుతుందో చెప్పక్కర్లేదు. అతాంగ్ ఖర్చు నమ్మేవాడిదే, ఈ ముఖం ఖర్చు మాత్రం పక్కవాళ్ళది. అధికారం ఉన్నవాడి నమ్మకమైతే మరీనూ. ఇలోకోస్‌లోనే పుట్టిన అప్పటి దేశాధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్‌కు ఏడు అంకె పిచ్చి ఉండేదనీ, 1972లో సైనిక శాసనం పత్రం మీద సెప్టెంబర్ 21 తేదీ వేసింది అది ఏడుతో భాగించబడుతుందనేననీ అక్కడ చెప్పుకుంటారు. కాబట్టి పత్రాలు చదవబోయే యువ మిత్రులకు నా విన్నపం: ఫలానా నమ్మకం ఉంది అని రాసి వదిలేయకండి. దాని ఖర్చెంత, ఎవరి జేబులోంచి, దాని పేరు చెప్పి ఎవరు ఎవరికి ‘లేదు’ అనగలుగుతున్నారు, ఇది కూడా రాయండి.

పని కావాలంటే ఒకటి సిద్ధంగా ఉంది. ఫిలిప్పీన్స్ చిల్లరకొట్లలో ఇప్పుడు జీక్యాష్ అని ఫోను చెల్లింపు నడుస్తోంది, మన ఫోన్‌పే లాగే. మొదటి బేరం ఫోనులో పడితే వంకాయల మీద తాటించడానికి నోటేదీ? ఆ కూరలావిడ అప్పుడేం చేస్తోందో ఎవరైనా వెళ్ళి రెండు వారాలు బుట్టల పక్కన కూర్చుని చూసిరండి, వచ్చే సదస్సులో మొదటి పత్రం మీదే. ఇవాళ్టి మొదటి పత్రం వారు వేదిక మీదికి రావచ్చు. సమయం పదిహేను నిమిషాలు, గంట నేనే కొడతాను.