పంపింగ్ తగ్గిన గుండెకు బైపాస్: ముప్పు ముందు, మేలు వెనుక
(కల్వకుర్తిలో జరిగిన వార్షిక సభలో సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం కోసం మన దగ్గరికి వచ్చే కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటుంది: "గుండె పంపింగ్ ముప్పై శాతమే ఉందట. బైపాస్ చేయిస్తే బతుకుతాడా?" ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. అయినా డాక్టర్లు ముప్పును ఎలా అంచనా వేస్తారో తెలిస్తే కుటుంబం భయంతో కాక ఆలోచనతో నిర్ణయం తీసుకుంటుంది. మన సాయం ఎక్కడ అవసరమో మనకూ తెలుస్తుంది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ గదిలో నిండిన రక్తంలో ఎంత భాగం బయటికి వెళుతుందో చెప్పేదే పంపింగ్ శాతం. టూడీ ఎకో పరీక్షలో ఇది తెలుస్తుంది. మామూలుగా 55 నుంచి 70 దాకా ఉంటుంది. 35కు పడిపోతే గుండె బాగా బలహీనపడినట్టే. కానీ ఈ ఒక్క అంకెతో డాక్టర్లు ఏదీ తేల్చరు. వయసు, కిడ్నీల పనితీరు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బు, ఈమధ్య గుండెపోటు వచ్చిందా, ఆపరేషన్ ఎంత అత్యవసరం అన్నవన్నీ కలిపి చూస్తారు. ఇందుకు వాడే 'యూరోస్కోర్' లెక్క 1999లో వచ్చింది, 2012లో కొత్త రూపం పొందింది. అది 5 శాతం ముప్పు అని చెబితే, అలాంటి రోగులు వంద మందిలో సుమారు అయిదుగురు ఆస్పత్రిలోనే చనిపోవచ్చని అర్థం. ఆ అయిదుగురు ఎవరన్నది ఏ లెక్కా చెప్పలేదు.

ఆ స్కోరు ఆస్పత్రి గడప దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాతి ఏళ్ల సంగతి 'స్టిచ్' అనే అంతర్జాతీయ పరిశోధన చెప్పింది. పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్న 1,212 మందిలో సగం మందికి మందులు మాత్రమే ఇచ్చారు, మిగతా సగానికి మందులతో పాటు బైపాస్ చేశారు. మొదటి నెలలో బైపాస్ అయినవారిలోనే ఎక్కువ మంది చనిపోయారు. కానీ 2016లో వెలువడిన పదేళ్ల ఫలితాల్లో లెక్క తిరగబడింది. మందుల మీదే ఉన్నవారిలో నూటికి 66 మంది చనిపోగా, బైపాస్ అయినవారిలో 59 మంది చనిపోయారు. మూడు రక్తనాళాల్లోనూ పూడికలుండి, గుండె బాగా సాగి, పంపింగ్ మరీ తగ్గినవారికే మేలు ఎక్కువగా కనిపించింది. కాబట్టి గుండె బలహీనంగా ఉందన్న ఒక్క మాటకే ఆశ వదులుకోనక్కర లేదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పరిమితిని పది లక్షలకు పెంచారు. కార్డున్న కుటుంబానికి ఆపరేషన్ ఖర్చులో పెద్ద భారం అక్కడ తీరుతుంది. తీరనివి వేరే ఉన్నాయి. హైదరాబాదుకు మళ్లీ మళ్లీ ప్రయాణాలు, తోడు వెళ్లినవారి తిండి, పోయిన కూలి, ఏళ్ల తరబడి మింగాల్సిన మాత్రలు, షుగరు, కిడ్నీ పరీక్షలు. డబ్బుల్లేక మాత్రలు మానేస్తే అంత గండం దాటి సంపాదించుకున్న మేలు చేజారిపోతుంది.

అందుకే దాతలను మేము కోరేది ఒక్కటే. ఆపరేషన్ రోజున ఇచ్చే సాయంతో ఆగకండి. ఒక రోగి ఏడాది మందుల బాధ్యత తీసుకోండి. జకాత్‌కు అర్హులైనవారికి జకాత్ నుంచి, మిగతావారికి సదకా నుంచి అందజేద్దాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.