తుపాకికి తగిన తూటా

వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూరులోని కొండకోట కాకతీయుల కాలపు జ్ఞాపకము. ఊరి పేరే గణపతిదేవ చక్రవర్తిని తలపించుచున్నది. ఆనాటి విలుకాండ్రకు ఒక సంగతి బాగుగా తెలిసియుండును: విల్లు ఎంత మంచిదైనను దానికి తగిన అమ్ము కావలెను. బరువైన అమ్ము త్వరగా నేలకు దిగును. మరీ తేలికైనది గాలికి తొలగును. వింటి స్థానమున తుపాకి వచ్చినను ఈ ధర్మము మారలేదు.

1565లో విజయనగర సేనలతో జరిగిన పోరున దక్కను సుల్తానుల ఫిరంగులలో రాగి నాణెముల సంచులు కూరి కాల్చిరని చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాసెను. మీదికి వచ్చుచున్న గుంపుపై వెదజల్లుటకు అది చాలును. ఒక్క బిందువునకు గురిపెట్టవలసివచ్చినచో ఆ పద్ధతి కొరగాదు.

పాతకాలపు తుపాకి గొట్టము లోపల నునుపుగా నుండెడిది. గుండు గొట్టముకంటె కొంచెము చిన్నది. అది గోడలకు కొట్టుకొనుచు పోయి, చివర తగిలిన వైపును బట్టి దారి మార్చుకొనెడిది. రైఫిలు గొట్టములో మెలిదిరిగిన గాడులుండును. అవి గుండును బొంగరమువలె త్రిప్పును. తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే గుండును తొట్రుపడదు. అయితే గుండు ఆ గాడులలో బిగువుగా పట్టవలెను. గుండు పొడవైనకొలది గాడుల మెలిక మరింత బిగువుగా నుండవలెను.

నమ్మకమను మాటకు మరియొక అర్థము కలదు. 1857లో ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాల కాగితమునకు పూసినది ఆవుకొవ్వు, పందికొవ్వు అను వార్త సిపాయిలలో ప్రాకెను. గుండు సులభముగా గొట్టములోనికి జారుటకై పూసిన పూత ఒక మహావిప్లవమునకు తక్షణ కారణములలో ఒకటయ్యెను. కాల్చువాని మనసు నమ్మని తూటా ఎంత చక్కగా పేలినను వ్యర్థమే.

నేటి క్రీడారంగమును చూడుడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు 595 పాయింట్లు సాధించియు, అన్నే పాయింట్లు వచ్చినవారితో పోల్చిచూచినప్పుడు వెనుకబడి, ఫైనలుకు చేరలేకపోయెను. 2012 లండనులో 701.1 పాయింట్లతో కాంస్యపతకము గెలిచెను. ఈ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. అంత సన్నని లెక్కలో గుళిక నాణ్యత ఉపేక్షింపదగినది కాదు.

ఎయిర్ రైఫిలు గుళికలు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తలలతో దొరకును. ఏది తన తుపాకికి నప్పునో పెట్టెమీది ధర చెప్పదు. తుపాకిని బిగింపులో కదలకుండ నిలిపి, ఒక్కొక్క తయారీవరుస గుళికలను కొన్ని కాల్చి, రంధ్రములన్నియు దగ్గరగా పడిన దానిని ఎన్నుకొందురు. అదే వరుసను వలసినంత కొని దాచుకొందురు. ఒకే పేరుగల సరుకులో సైతము వరుసకు వరుసకు భేదముండును.

మందుతో పేలు చిన్న తూటాలలో రగిలించు పదార్థము అంచున సమముగా పరచుకొనకున్నను, తేమ తగిలినను పేలకపోవచ్చును. అట్టిచో వెంటనే తుపాకిని తెరువరాదు. గొట్టమును గురివైపే ఉంచి కొంతసేపు ఆగవలెను. సీసపు గుళికలు ముట్టిన చేతులను భోజనమునకు ముందు కడుగుకొనవలెను.

బిడ్డను ఈ క్రీడకు పంపదలచిన తలిదండ్రులు ఖరీదైన తుపాకికై అప్పుచేయుటకు ముందు, ఉన్న తుపాకికి నప్పిన గుళిక ఏదో పరీక్షింపించుట మేలు. గురి తప్పినప్పుడెల్ల తప్పు బిడ్డ చేతిదే కాకపోవచ్చును.