ఆదిలాబాద్ ఆదివాసీలంటే గోండులొక్కరేనా?

మన కరీంనగర్ నుంచి ఉట్నూరు వైపు పోయినోళ్లు అక్కడి ఆదివాసీలందర్నీ ఒకటే మాట అంటరు: "గోండులు". ఈ ఒక్క మాట కింద ఎవరెవరు కనిపించకుండా పోతున్నరో ఈరోజు చూద్దాం.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో రాజ్‌గోండులు, ప్రధానులు, తోటీలు, కొలాములు, నాయకపోడులు, ఆంధ్‌లు ఉన్నరు. వీళ్లందరివీ వేర్వేరు తెగలు.

ముందు గోండుల సంగతి. వాళ్లల్ల ప్రతి ఇంటిపేరు ఒక 'సగ'లోకి వస్తది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉంటయి. ఒకే సగ వాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లిళ్లు జరగవు. కేస్లాపూర్ నాగోబా జాతర చేసే మెస్రం వంశం ఏడు దేవతల సగ.

మరి ఈ వంశాల కథలన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటరు? ప్రధానులు. కిక్రి వాయించుకుంట గోండుల పుట్టుక కథలు పాడేది వాళ్లే. ఇంట్రెస్టింగ్ ఏందంటే, చాలామంది ప్రధానులు ఇంట్ల మరాఠీ మాట్లాడుతరు, కథ మాత్రం గోండిలో చెప్తరు. అంటే గోండుల చరిత్ర ఇంకో తెగ వాళ్ల గొంతులో బతుకుతున్నది.

ఇగ కొలాములు. వీళ్ల భాష కొలామి. భాషా శాస్త్రం లెక్కన చూస్తే గోండి, మన తెలుగు ఒకే శాఖలో ఉంటయి. కొలామి వేరే శాఖ. గోండి వచ్చినంత మాత్రాన కొలామి అర్థం కాదు. మనకు తమిళం అర్థం కానట్టే.

ఇక్కడే అసలు సమస్య. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద గోండి మాతృభాషగా చెప్పినోళ్లు దాదాపు 29 లక్షల 80 వేలు. కొలామి దాదాపు లక్షా 28 వేలే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, గూగుల్ నోటో ఫాంట్ కూడా ఉంది. ఇది మస్తు పెద్ద విజయం. అయినా గోండి ఇంకా ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. 2003లో సంతాలీ, బోడో చేరినయి, గోండి చేరలేదు. అంత పెద్ద భాషకే ఇట్లుంటే, చిన్న భాష గురించి అడిగేదెవరు?

కొలాం పిల్ల బడికి పోతే తెలుగు పరాయి భాషే. "గోండు పిల్లనే కదా" అనుకొని గోండి పుస్తకం చేతిలో పెడితే, అదీ పరాయిదే. పేరు తప్పు పిలిస్తే నష్టం ఇట్ల జరుగుతది.

ఇంకో విషయం. పదివేల మంది కంటే తక్కువ చెప్పిన భాష పేరు జనాభా లెక్కల పట్టికల్లో విడిగా రాదు, 'ఇతర' అనే గడిలో కలిసిపోతది. అందుకే, చూస్తున్న ఆదివాసీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, లెక్కలోళ్లు వచ్చి మాతృభాష ఏదని అడిగితే ఇంట్ల మాట్లాడే భాష పేరే చెప్పండి. ఫామ్‌లో అదే రాశారో లేదో చూసుకోండి.

మిగతావాళ్లు ఈసారి నాగోబాకో, దీపావళి దండారికో పోతే ఫొటో దిగే ముందు "మీరు ఏ తెగ, ఏ భాష?" అని అడగండి. మీ ఊరి పక్కన ఏ తెగ ఉందో కామెంట్‌లో రాయండి.