తుపాకి దుర్భిణి



బడిపంతులు తుపాకి విషయము ముచ్చటించుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని పంటపొలము గల ప్రతి గ్రామమునకును దీనితో సంబంధము కలదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మనదేశమున వినోదమునకై చేయు వేటను నిషేధించినది. అయినను అడవిపందులు పైరులను పాడుచేయునప్పుడు, వన్యప్రాణి సంరక్షణ ముఖ్యాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన వారు గాని, కారణములు చూపుచు వ్రాతమూలకముగా ఉత్తరువిచ్చినచో, వానిని కాల్చుటకు ఆ చట్టమే వీలు కల్పించినది. అట్టి ఉత్తరువుతో తుపాకికాడు మీ యూరికి వచ్చినప్పుడు, అతని తుపాకిమీది దుర్భిణి యెట్టిదో విచారించుట పెద్దలకు తగిన పని. ఏలయన, గుఱి తప్పి గాయపడిన పంది చావక కందిచేనిలో దాగును. తెల్లవాఱి చేనికి వచ్చిన కూలివారిపై అదియే పడును. జంతువునకు దీర్ఘవేదన, మనుష్యునకు ప్రాణాపాయము. ఈ రెండును నమ్మరాని పనిముట్టు వలన కలుగవచ్చును.

ఎద్దును కొనువాడు పండ్లు చూచి, నడక చూచి కొనును. కుండను కొనువాడు వ్రేలితో కొట్టి చూచి కొనును. దుర్భిణికిని అట్టి పరీక్షలు కలవు. వెలను చూచి గాని, మెఱుగును చూచి గాని మోసపోరాదు.

మొదటి పరీక్ష తన్నునకు ఓర్చుట. తుపాకి పేలినప్పుడెల్ల వెనుకకు తన్నును. ఆ దెబ్బ దుర్భిణి లోపలి కటకములకును, గుఱి చూపు అడ్డునిలువు గీతలకును తగులును. నాసిరకము పరికరములో లోని భాగములు వదులై, నిన్నటి గుఱి నేడు నిలువదు. దీనిని తెలిసికొనుట కష్టము గాదు. వంద గజముల దూరమున కాగితము నిలిపి యొక తూటా కాల్చవలెను. తరువాత గుఱి మరను 20 మెట్లు కుడికి, 20 పైకి, 20 ఎడమకు, 20 క్రిందికి త్రిప్పుచు, ప్రతి మలుపున నొక తూటా కాల్చవలెను. పెక్కు దుర్భిణులలో ఒక్కొక్క మెట్టునకు ఆ దూరమున గుఱి సుమారు పావు అంగుళము జరుగును. కావున తూటాల గుర్తులు అయిదంగుళముల చదరముగా నేర్పడి, కడపటి తూటా మొదటిదాని చెంతకే రావలెను. రానిచో ఆ మర నమ్మదగినది గాదు.

రెండవది తేమకు ఓర్చుట. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున మార్కస్ ల్యూపోల్డ్ అను నతడు వేటకు పోగా, దుర్భిణి లోపల ఆవిరి పట్టి, జింక చేజాఱెనట. అంతకంటె మేలైనదానిని తానే చేయగలనని పూని, 1947లో నత్రజని వాయువు నింపి మూసిన దుర్భిణిని అతని సంస్థ వెలువరించినది. పొడి వాయువు నిండియున్నచోట ఆవిరి పట్టదు. మన వానకాలపు రాత్రులకు ఈ గుణము ముఖ్యము. తేమకు చెడదని చేసినవాడు హామీ యిచ్చిన దుర్భిణిని గోరువెచ్చని నీటిలో ముంచి చూడవచ్చును. లోపలినుండి బుడగలు వరుసగా వచ్చినచో మూత సరిగా లేదని యెఱుగుడు.

మూడవది వెలుతురు. దుర్భిణిమీద 3-9×40 అని యుండును. వస్తువును మూడు మొదలు తొమ్మిది రెట్లు పెంచి చూపుననియు, ముందు కటకము 40 మిల్లీమీటర్ల వెడల్పుగలదనియు దాని యర్థము. 40ని 9చే భాగించిన సుమారు నాలుగున్నర. నాలుగుచే భాగించిన పది. కంటికి చేరు వెలుగుకిరణపు వెడల్పు ఇదియే. చీకటిలో యువకుని కంటిపాప సుమారు ఏడు మిల్లీమీటర్లు విచ్చును. కావున మసకవేళ ఎక్కువ రెట్లు పెంచినచో బొమ్మ నల్లబడును, చూపుమేర యిఱుకగును. పంది వచ్చునది ప్రొద్దు గ్రుంకిన పిదపనే కదా. ఎక్కువ రెట్లు ఎక్కువ మేలనుట భ్రమ.

నాలుగవది కంటి దూరము. కంటికిని దుర్భిణికిని మూడు నాలుగు అంగుళముల యెడము ఉండవలెను. లేనిచో తుపాకి తన్నినప్పుడు కనుబొమ చీరుకొనిపోవును.

ఇవన్నియు మంచివైనను, దుర్భిణిని తుపాకికి బిగించు కడియములు వదులైనచో సర్వము వ్యర్థము. మరలు మితిమీఱి బిగించినను గొట్టము నొక్కుకొనిపోవును. తగినంత బిగువే మేలు.

కడపట ముఖ్యమైన మాట. దుర్భిణి గుఱి చూచుటకే గాని, వెదకుటకు గాదు. దూరమున కదలునది పందియో, పొలముకావలివాడో తెలిసికొనుటకై తుపాకిని అటు త్రిప్పి చూచువాడు, తూటా నిండిన గొట్టమును తోడి మనుష్యునిపై ఎక్కుపెట్టుచున్నాడు. వెదకుటకు వేఱొక చేతిదుర్భిణి ఉంచుకొనవలెను. దశరథుడు విలువిద్యలో కొఱత గలవాడు గాడు. చీకటిలో ఏటియొడ్డున వినిపించిన సడిని ఏనుగుదని తలచి, కంటితో చూడకయే బాణము విడిచెను. దాని ఫలము మీరెఱిగినదే. ఎంత వెలగల కటకమైనను, చూచి నిశ్చయించుకొను బుద్ధి లేనివానికి పనికిరాదు.

కావున ఉత్తరువు చూడుడు, పనిముట్టు చూడుడు, పట్టినవాని నిదానమును చూడుడు. ఈ మూడింటిలో ఒకటి లోపించినను, ఆ రాత్రి కాల్పులు వద్దనుడు. ఒక రాత్రి పైరు పోయిన మఱుసటి యేడు పండించుకొనవచ్చును.