రసీదు చేతికి రానిదే కదలొద్దు
(పెనుకొండలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధి హామీ పనిని మనం ఈనాటికీ కరువు పని అనే పిలుస్తాం. కరువు పని ప్రభుత్వం దయతలిచి పెట్టేది. ఉపాధి పని చట్టప్రకారం మనం అడిగి తీసుకునేది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించింది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ సంగతి అందరికీ తెలుసు. పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉందని ఎంతమందికి తెలుసు?

దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతికి హక్కు వస్తుంది. ఆ ఆర్థిక సంవత్సరంలో మొదటి 30 రోజులకు కూలీలో కనీసం పావు వంతు, తర్వాత కనీసం సగం. 2024-25లో మన రాష్ట్రంలో కూలీ 300 రూపాయలు. అంటే రోజుకు 75, ఆపైన 150.

ఒక వేసవిలో మా ఊళ్లో నలభై మందిమి పని అడిగినాం. నోటిమాటగా అడిగినాం. మూడు వారాలు పని లేదు. కొందరు బెంగళూరు బస్సెక్కినారు. మిగిలినవాళ్లం ఆఫీసుకు పోయి భృతి అడిగితే, "మీరు పని అడిగినట్లు కాగితం ఏదీ?" అన్నారు. మా దగ్గర ఏముంది, ఏమీ లేదు. వట్టి చేతులతో తిరిగొచ్చినాం.

మరుసటి ఏడు దరఖాస్తులు రాసుకొని పోయినాం. తేదీ, సంతకం ఉన్న రసీదు ఇచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాం. తొమ్మిదో రోజుకే పని వచ్చింది! భృతి తీసుకునే అవసరమే పడలేదు. ఎందుకంటే అప్పట్లో కూలీ డబ్బు కేంద్రం భరించేది, భృతి మాత్రం రాష్ట్ర ఖజానా నుంచి పోవాల్సి వచ్చేది. రసీదు ఇవ్వడానికి చెయ్యి రానిది అందుకే.

మన వైపు కూడా జాగ్రత్త ఉండాలి. పిలిచినాక 15 రోజుల్లో పనికి పోకపోయినా, చెప్పకుండా వారం మించి మానేసినా మూడు నెలలు భృతికి అర్హత పోతుంది. ఇంటికి చట్టం చెప్పిన రోజులు నిండినా అంతే.

కూలీలు దొరకడం లేదని ఈ పథకాన్ని తిట్టే రైతులు మనలోనూ ఉన్నారు. వానలు లేక చెనిక్కాయ ఎండిపోయిన ఏడు ఆ రైతులే గడ్డపార పట్టుకొని ఈ పనికి వస్తారు. మేమూ వచ్చినవాళ్లమే.

ఇంకొక మాట. ఎర్రమంచిలో కియా వచ్చినాక మన పిల్లలు చుట్టుపక్కల కంపెనీల్లో కాంట్రాక్టు కింద చేరినారు. జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే, పని పోయినప్పుడు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. రెండేళ్లు బీమాలో ఉండి, చందా రోజులు సరిపోతే, సగటు రోజు కూలీలో సగం, 90 రోజుల దాకా వస్తుంది. జీవితంలో ఒక్కసారే. తప్పు చేశాడని తీసేస్తే రాదు. ఈఎస్ఐ నంబరు, జీతం చీటీలు పారేయొద్దని పిల్లలకు చెప్పండి.

దరఖాస్తు ఫారాలు ఆ బల్ల మీద ఉన్నాయి. రాయడం రానివాళ్లకు మనవాళ్లు రాసిపెడతారు. జాబ్ కార్డు నంబరు మాత్రం కార్డు చూసే చెప్పండి. రేపు పొద్దున పది గంటలకు అందరం కలిసే పోదాం.